పాత అమరిక - క్రొత్త చిక్కు

అద్దె యింట నుండువారు ఇల్లు ఖాళీచేసి పోవునప్పుడు మంచములు, పెట్టెలు, వంటపాత్రలు అన్నియు బండి కెక్కించుకొని పోవుదురు. చూచువారికి ఇల్లు పూర్తిగా ఖాళీ అయినట్లే తోచును. కాని క్రొత్తగా దిగినవారు తలుపులు తెరచి చూచినచో దూలమునకు ఉయ్యాల కొక్కెములు, అటకమీద ఒక పాత జాడీ, గోడకు నాలుగు మేకులు కనబడును. తాము తెచ్చుకొన్న బీరువాను వారు గోడకు చేర్చబోగా అది చేరదు. ఎంత నెట్టినను రెండంగుళముల ఎడము మిగిలియుండును. బీరువాలో లోపము లేదు. గోడలోను లోపము లేదు. వెనుకటివారు విడిచిపోయిన మేకు ఒకటి నడుమ అడ్డు తగులుచున్నది. ఈ సంగతి తెలియనివాడు బీరువా అమ్మిన వర్తకుని నిందించును. తెలిసినవాడు వంగి గోడవైపు చూచును.

కంప్యూటర్లలోను ఇట్టి మేకులు కలవు. ఒక ప్రోగ్రామును తొలగించి మరల దానినే గాని, దాని క్రొత్త కూర్పును గాని చేర్చబోయినప్పుడు పని నడుమ నిలిచిపోవుట కలదు. పదిమార్లు తీసి పదిమార్లు పెట్టినను ఫలిత మొక్కటే. "అంతయు తీసివేసితిని గదా, ఇంక నేమి మిగిలినది?" అని మనము విసుగుకొందుము. మిగిలినది చాల చిన్నది. కొన్ని పంక్తుల వ్రాత మాత్రమే. అది ఎక్కడ నుండును, ఏల మిగులును, దానివలన చిక్కు ఎట్లు పుట్టును అను విషయములను ఈ పాఠమున తెలిసికొందము.

మీ ఊరి దర్జీ కొట్టులోని కుట్టుమిషనును చూచియుందురు. దానిని చేసిన కర్మాగారము ఒకే తీరు మిషనులను వేలకొలదిగా చేసి అమ్మును. కాని దర్జీ దానిని కొట్టులో పెట్టుకొన్న పిమ్మట తన పనికి తగినట్లు దారపు బిగువును సరిచూచుకొనును. కుట్టు పొడవును నిర్ణయించుకొనును. మిషను కర్మాగారము వారిది. ఆ సవరణ దర్జీది. మిషను పాడైనచో మరియొకటి కొనవచ్చును. పది దినములు కూర్చుండి సరిచేసికొన్న ఆ బిగువు మాత్రము అంగడిలో దొరకదు.

కంప్యూటరు ప్రోగ్రాములోను ఇట్లే రెండు భాగములు కలవు. ఒకటి పనిచేయు యంత్రము వంటి భాగము. ఇది లోకమున అందరికి ఒక్కటియే. రెండవది ఆ ప్రోగ్రాము ఏ విధముగా పనిచేయవలెనో తెలుపు ఆదేశముల పట్టిక. దీనిని అమరికల దస్త్రము అనవచ్చును. కంప్యూటరు పనివారు కాన్ఫిగరేషన్ ఫైలు అందురు. ఎంత జ్ఞాపకశక్తిని వాడుకొనవలెను, ఏ యంత్రములనుండి వచ్చు ప్రశ్నలకు బదులీయవలెను, లెక్కల పుస్తకములను ఎక్కడ దాచవలెను అను సంగతులు అందులో ఒక్కొక్క పంక్తిగా వ్రాయబడియుండును. ప్రోగ్రాము మేల్కొనగానే ముందుగా ఆ పట్టికను చదువుకొని పిమ్మట పనికి దిగును.

ఈ రెండు భాగములను వేరువేరుగా చూడవలెనని గట్టిగా పట్టుబట్టిన వ్యవస్థలలో డెబియన్ ముఖ్యమైనది. 1991లో ఫిన్లాండు దేశపు విద్యార్థి లీనస్ టోర్వాల్డ్స్ లినక్స్ అను దానిని వెలువరించెను. అది కంప్యూటరునకు మూలాధారమైన ప్రోగ్రాము. దానిచుట్టును వేలకొలది ఇతర ప్రోగ్రాములను చేర్చి, అందరును సులభముగా వాడుకొనుటకు వీలైన కూర్పుగా చేయవలెనని అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయమున చదువుచున్న ఇయాన్ మర్డాక్ 1993 ఆగస్టులో ఒక ఉద్యమమును ఆరంభించెను. తనకు ప్రియమైన డెబ్రా పేరును తన పేరైన ఇయాన్‌తో కలిపి దానికి డెబియన్ అని పేరిడెను. జీతము లేకయే పనిచేయు స్వచ్ఛంద సేవకులు నేటికిని దానిని నడుపుచున్నారు. 2004లో వెలువడిన ఉబుంటు అను కూర్పు ఈ డెబియన్ పునాదిమీదనే లేచినది. మన దేశమున పెక్కు పాఠశాలలలోను కళాశాలలలోను వాడుచున్న కూర్పులలో ఉబుంటు ఒకటి.

డెబియన్‌లో ప్రతి ప్రోగ్రామును ఒక ప్యాకేజీగా, అనగా మూటగా, కట్టి యుంచుదురు. మూటను విప్పి అందలి వస్తువులను తగిన చోట్ల పెట్టుటకును, వలదన్నప్పుడు తీసివేయుటకును డీపీకేజీ అను పనివాడు కలడు. ఇదియు ఒక ప్రోగ్రామే. 1994 నుండి ఇది ఈ పనిని చేయుచున్నది. ఏ మూట వచ్చినది, అందులో ఏ వస్తువులున్నవి, వాని స్థితి ఏమి అను వివరములన్నియు అది తన చిట్టాలో వ్రాసికొనును. ఈ చిట్టా సంగతి గుర్తుంచుకొనుడు. మన కథలో దానికి పెద్ద పాత్ర కలదు.

మూటను చేర్చుట రెండు దశలలో జరుగును. మొదటి దశలో మూటను విప్పి వస్తువులను సర్దును. రెండవ దశలో వానిని పనికి సిద్ధముచేయును. మూటలోనే యుండు ఒక చిన్న కార్యక్రమము ఈ రెండవ దశలో ప్రోగ్రామును మేల్కొలుపును. అది లేచి నిలిచినచో చిట్టాలో "సిద్ధము" అని వ్రాయబడును. లేవలేకపోయినచో మూట విప్పబడియు సిద్ధము కాక సగములో నిలిచిపోవును. దానిపై ఆధారపడిన ఇతర మూటలును దాని వెనుక వరుసగా నిలిచిపోవును. పిమ్మట ఆ యంత్రమున మరి ఏ మూటను చేర్చబోయినను పనివాడు ముందుగా ఆ సగము పనిని పూర్తిచేయ యత్నించి, మరల విఫలుడై, అదే తప్పును మరల చెప్పును. పరీక్ష తప్పిన లెక్కను దాటి తరువాతి లెక్కకు పోనీయని ఉపాధ్యాయుని వలె అది ప్రవర్తించును.

ఇక తొలగించు విధమును చూడుడు. ఇందును రెండు తీరులు కలవు. మొదటిది రిమూవ్, అనగా తొలగించుట. దీనివలన ప్రోగ్రాము పోవును. అమరికల దస్త్రములు మాత్రము నిలుచును. రెండవది పర్జ్, అనగా అమరికలతో సహా శుభ్రముగా తుడిచివేయుట. మొదటి తీరున తొలగించిన మూటలు పనివాని చిట్టాలో ఆర్, సీ అను రెండక్షరముల గుర్తుతో కనబడుచుండును. ప్రోగ్రామును తీసివేయుమన్నారు, అమరికలు మిగిలియున్నవి అని ఆ గుర్తునకు అర్థము. ఈ అమరికలు సాధారణముగా ఎట్‌సీ అను పేరుగల డైరెక్టరీలో నుండును. ఒక యంత్రమును కొన్నియేండ్లు వాడిన పిమ్మట చిట్టాను తెరచి చూచినచో, ఎన్నడో పోయిన ప్రోగ్రాముల పేర్లు అనేకము ఈ గుర్తుతో కనబడి మనల నాశ్చర్యపరచును.

తొలగించుమన్నప్పుడు సగము ఏల మిగుల్చవలెను? ఇది సోమరితనము కాదు, మర్యాద. దర్జీ తన మిషనును మరమ్మతునకు పంపినాడనుకొనుడు. తిరిగి వచ్చునప్పటికి అతడు సరిచేసికొన్న బిగువు అట్లే యుండినచో అతడెంత సంతోషించును! ప్రోగ్రామును మరల ఎక్కడినుండియైనను తెచ్చుకొనవచ్చును. అమరికలలో ఒక మనిషి తలపోసి వ్రాసిన మాటలున్నవి. అందు ఏ పంక్తి విలువైనదో, ఏ పంక్తి వ్యర్థమో యంత్రమునకు తెలియదు. తెలియనప్పుడు పారవేయకుండుటయే మేలు. ఈ నీతిని బట్టియే డెబియన్ నిర్మాతలు ఆ నియమము పెట్టిరి. రెడ్ హ్యాట్ వంశమునకు చెందిన లినక్స్ కూర్పులలోను ఇట్టి జాగ్రత్తయే కలదు. యజమాని మార్చిన అమరికల దస్త్రమును అవి చెరిపివేయక, పేరు చివర ఒక తోకను తగిలించి ప్రక్కన భద్రపరచును.

క్రొత్త కూర్పు వచ్చినప్పుడును పనివాడు ఇట్టి మర్యాదనే పాటించును. తాను మొదట పెట్టిన అమరికల దస్త్రమునకు ముద్ర వంటి ఒక సంఖ్యను లెక్కకట్టి అతడు తన చిట్టాలో వ్రాసికొనియుండును. దస్త్రమున ఒక్క అక్షరము మారినను ఆ ముద్ర మారిపోవును. క్రొత్త మూట రాగానే అతడు ముద్రలను పోల్చిచూచును. యజమాని ఏమియు మార్చకుండినచో పాతదానిని తీసి క్రొత్తదానిని నిశ్శబ్దముగా పెట్టును. యజమాని మార్చియుండి, మూటలోని దస్త్రము మారకుండినచో యజమానిది అట్లే యుంచును. ఇరువురును మార్చియుండినచో తాను నిర్ణయింపక, "మీ దస్త్రమును ఉంచుదునా? క్రొత్తదానిని పెట్టుదునా? రెంటికిని గల భేదమును చూపుదునా?" అని అడుగును. బదులీయక మీట నొక్కినచో పాతదానినే యుంచును.

ఇంకొక విచిత్రము కలదు. యజమాని అమరికల దస్త్రమును తన చేతితో చెరిపివేసినచో ఏమగును? మరల మూటను చేర్చినప్పుడు అది తిరిగి వచ్చునని మనము తలంతుము. అది రాదు. "యజమాని బుద్ధిపూర్వకముగా తీసివేసినాడు, అతని యిష్టమును కాదనరాదు" అని పనివాడు భావించును. ఉన్నదానిని గౌరవించినట్లే, లేకపోవుటను కూడ అతడు గౌరవించును!

మర్యాద మంచిదే. కాని ఇంటికి వచ్చిన క్రొత్త కోడలు పాత అత్తగారి వాడుకమాటలను ఎరుగనట్లు, క్రొత్త కూర్పు పాత అమరికలలోని మాటలను ఎరుగకపోవచ్చును. చిక్కు అక్కడ పుట్టును. దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ మొకటి చెప్పెదను.

మైఎస్‌క్యూఎల్ అనునది సమాచారమును పట్టికలుగా దాచి, అడిగినప్పుడు వెదకి యిచ్చు ప్రోగ్రాము. ఫిన్లాండు వాడైన మైకేల్ విడేనియస్‌ను అతని సహచరులును దీనిని 1995లో లోకమునకిచ్చిరి. పేరులోని "మై" అతని కుమార్తె పేరు. ఈ ప్రోగ్రామున క్వెరీ క్యాష్ అను సదుపాయ ముండెడిది. ఒకే ప్రశ్నను పలుమార్లు అడిగినచో ప్రతిసారి బీరువాలన్నియు వెదకక, మొదట చెప్పిన సమాధానమునే జ్ఞాపకముంచుకొని మరల చెప్పుట దాని పని. వినుటకు ఇది చక్కగానే యున్నది. కాని పట్టికలో ఒక్క వరుస మారినను, ఆ పట్టికనుండి చెప్పిన సమాధానము లన్నిటిని మరచిపోవలెను. అనేక పనులు ఒక్కసారిగా జరుగు నేటి యంత్రములలో ఆ జ్ఞాపకముల తాళముకొరకు పనులన్నియు వరుసలో నిలువవలసి వచ్చెను. సాయము చేయవలసినదే అడ్డయ్యెను. అందుచేత 2017లో దీనిని వాడవలదని సూచించి, 2018లో వెలువడిన 8.0 కూర్పులో నిర్మాతలు దానిని పూర్తిగా తీసివేసిరి.

ఇప్పుడు చిక్కును ఊహింపుడు. పాత 5.7 కూర్పుతో ఉబుంటు ఇచ్చిన అమరికల దస్త్రమున ఆ జ్ఞాపకశక్తికి సంబంధించిన రెండు పంక్తులు వ్రాయబడియుండెను. ఆ దస్త్రము మిగిలిపోయి, క్రొత్త 8.0 ప్రోగ్రాము వచ్చినచో అది మేల్కొని పట్టికను చదువును. ఎరుగని మాట కనబడగానే, "ఇది నాకు తెలియని పేరు" అని పలికి పనికి దిగకయే నిలిచిపోవును. తెలియని యాజ్ఞను దాటవేసి పోవుట కంటె ఆగుటయే క్షేమమని దానికి నేర్పియున్నారు. ప్రోగ్రాము లేవనందున రెండవ దశ తప్పును. రెండవ దశ తప్పినందున మూట సగములో నిలుచును. మూలము మాత్రము రెండు పంక్తుల పాత వ్రాత.

ఈ చిక్కును నేను కన్నులార చూచితిని. నేను ప్రధానోపాధ్యాయ పదవినుండి విరమించిన పిమ్మట, 2023 వేసవిలో ఒక ఉన్నత పాఠశాల గ్రంథాలయమునకు అప్పుడప్పుడు పోవుచుంటిని. అక్కడ నొక కంప్యూటరులో 4 వేలకు పైగా పుస్తకముల పట్టిక కలదు. పుస్తకము పేరు, కర్త పేరు, దానము చేసినవారి పేరు, ఎవరు ఎప్పుడు తీసికొనిపోయినది అను వివరములు అందు కలవు. విద్యార్థులు అయిదేండ్లపాటు మధ్యాహ్నపు విరామములలో కూర్చుండి దానిని ఎక్కించిరి. వారిచేత ఆ పని చేయించిన ఉపాధ్యాయిని అప్పటికే బదిలీపై వేరొక ఊరికి పోయెను. ఆ యేడు మే నెలతో ఉబుంటు 18.04 కూర్పునకు ఉచితముగా లభించు సాధారణ సంరక్షణ ముగియుచున్నందున, నా పూర్వ విద్యార్థి ఒకడు వచ్చి యంత్రమును 20.04 కూర్పునకు మార్చబూనెను. దానితోపాటు మైఎస్‌క్యూఎల్ 5.7 పోయి 8.0 రావలెను.

మూడవనాడు నేను పోవునప్పటికి అతడు చెమటలు క్రమ్మి కూర్చుండియుండెను.

"మాస్టారూ, రెండు దినములనుండి తీసి పెట్టుచున్నాను. ప్రతిసారి సగములో ఆగిపోవుచున్నది" అనెను.

"మొదటినుండి ఏమేమి చేసితివో వరుసగా చెప్పు, నాయనా" అంటిని.

అతడు చెప్పినది ఇది. కూర్పు మారుచుండగా యంత్రము ఒక ప్రశ్న అడిగినది. దానిని చదువక మీట నొక్కినాడు. పాత అమరికలు నిలిచిపోయినవి. మైఎస్‌క్యూఎల్ లేవలేదు. అంతట దానిని తొలగించి మరల చేర్చినాడు. తొలగించునప్పుడు అమరికలు నిలుచునని అతనికి స్ఫురింపలేదు. కావున అదే తప్పు మరల వచ్చినది. కోపము వచ్చి ఎట్‌సీలోని మైఎస్‌క్యూఎల్ అమరికల డైరెక్టరీని చేతితో చెరిపివేసి, మూడవమారు చేర్చినాడు. ఈసారి తప్పు మారినది. "ఉండవలసిన అమరికల దస్త్రము కనబడలేదు" అని యంత్రము చెప్పినది. మొదట ఉన్నందుకు తగవు. ఇప్పుడు లేనందుకు తగవు!

"ఇంక ఒక్కటే మార్గము, మాస్టారూ. దీనికి సంబంధించిన డైరెక్టరీలన్నియు ఎక్కడెక్కడ నున్నను చెరిపివేసి శుభ్రముగా ఆరంభించెదను" అని అతడు మీటలపై చేయి వేసెను.

"ఆగు, నాయనా. ఆ డైరెక్టరీలలో పిల్లలు ఎక్కించిన పట్టిక ఏది?"

అతని చేయి ఆగెను. అమరికలు ఒక చోట నుండును. పట్టికలలోని సమాచారము మరియొక చోట నుండును. కోపములో రెంటిని ఒకే చెత్తగా భావించి అతడు రెండవదానిని కూడ ఊడ్చివేయ సిద్ధపడెను. దానికి నకలు లేదు. ఆ యొక్క మీట నొక్కియుండినచో అయిదేండ్ల మధ్యాహ్నములు గాలిలో కలిసిపోయెడివి. అతడు కొంతసేపు మాటాడలేదు.

ముందుగా సమాచారమున్న డైరెక్టరీనంతటిని వెలుపలి డిస్కులోనికి నకలు తీసితిమి. పిమ్మట ప్రోగ్రాము తన దినచర్యను వ్రాసికొను దస్త్రమును తెరచితిమి. ఇట్టి ప్రోగ్రాములు పెక్కు తమ తప్పులను అట్టి దస్త్రములో వ్రాసిపెట్టును, చదువువారే అరుదు. మొదటినాటి పుటలో "అన్‌నోన్ వేరియబుల్" అనియు, ప్రక్కన "క్వెరీ క్యాష్ లిమిట్" అనియు స్పష్టముగా వ్రాసియున్నది. తెలియని పేరు ఏదో యంత్రము మొదటినాడే వ్రేలితో చూపినది. చూచువారు లేకపోయిరి.

"రెండు పంక్తులను కొట్టివేసినచో అప్పుడే సరిపోయెడిది, మాస్టారూ" అని అతడు నిట్టూర్చెను.

రెండవ తప్పునకు కారణము మీరిప్పుడు ఊహింపగలరు. అతడు చేతితో చెరిపిన దస్త్రములను పనివాడు తిరిగి పెట్టలేదు. యజమాని యిష్టమని ఊరకుండెను. కనబడని అమరికల దస్త్రములను మరల పెట్టుమని స్పష్టముగా ఆజ్ఞాపించు విధమొకటి డీపీకేజీలో కలదు. ఫోర్స్ కాన్ఫ్‌మిస్ అని దాని పేరు. ఆ యాజ్ఞతో సంబంధించిన మూటలను మరల చేర్చగా క్రొత్త కూర్పునకు తగిన అమరికలు వచ్చినవి. ప్రోగ్రాము మేల్కొనెను. పాత పట్టికలను తానే క్రొత్త పద్ధతికి మార్చుకొనెను. పుస్తకముల పేర్లు తెరపై వరుసగా కనబడగానే ఆ యువకుని ముఖమున రక్తము వచ్చెను.

అయినను కథ ముగియలేదు. ఆ యంత్రముపై పట్టిక కనబడుచున్నది గాని, ప్రక్క గదిలో పిల్లలు వెదకుకొను కంప్యూటర్లలో కనబడుట లేదు. నిన్నటివరకు కనబడెడిది. కారణము వెదకుచు ఒక గంట గడచెను. తుదకు నేను ఆ ఉపాధ్యాయినికి ఫోను చేసితిని.

"బీరువా అడుగు అరలో నా నోటు పుస్తకమున్నది, మాస్టారూ. చూడండి" అని ఆమె చెప్పెను.

పుస్తకము దొరికినది. అందొక పుటలో తేదీ వేసి, ప్రక్క గదిలోని యంత్రములకు సమాధానమిచ్చుటకై బైండ్ అడ్రస్ అను పంక్తిని మార్చినట్లు వ్రాసియున్నది. పాత పంక్తియు క్రొత్త పంక్తియు రెండును కలవు. క్రొత్తగా వచ్చిన అమరికలు సాధారణ నియమము ప్రకారము ఆ యంత్రమునకు మాత్రమే బదులిచ్చుచుండెను. ఆ పంక్తిని మరల మార్చగానే ప్రక్క గదిలోని తెరలన్నియు వెలిగెను.

విద్యార్థులారా, ఇప్పుడు ఒక సంగతి గమనింపుడు. కూర్పు మారునాడు యంత్రము ప్రశ్న ఏల అడిగినది? ఆ ఉపాధ్యాయిని ఆ యొక్క పంక్తిని మార్చియుండుట చేతనే. ఆమె మార్పును అది గౌరవించినది, "దీనిని ఉంచుదునా?" అని అడిగినది. ఒకే దస్త్రమున పారవేయవలసిన రెండు పంక్తులును, కాపాడుకొనవలసిన ఒక పంక్తియు కలిసియుండెను. అన్నియు ఉంచినందున మొదటి చిక్కు వచ్చినది. అన్నియు చెరిపినందున రెండవ చిక్కును మూడవ చిక్కును వచ్చినవి. బియ్యములో రాళ్లున్నచో బియ్యమును పారబోయము, రాళ్లతో వండుకొనము. చేట తీసికొని ఏరుదుము. ఆ ఏరుట యంత్రమునకు చేతకాదు. అందుచేతనే అది మనలను అడుగుచున్నది.

కావున ఒక ప్రోగ్రాము చేరనని మొండికేసినప్పుడు చేయవలసిన పనులను వరుసగా జ్ఞాపకముంచుకొనుడు. మొదట, విలువైన సమాచారమునకు నకలు తీసి వేరొక చోట దాచవలెను. రెండవది, యంత్రము చెప్పిన తప్పును తుదివరకు చదువవలెను. ఒక్కొక్కప్పుడు అది మొదటి తప్పును మాత్రమే చెప్పి ఆగును. దానిని దిద్దిన పిమ్మట రెండవది బయటపడును. అప్పుడు నిరుత్సాహపడరాదు. మూడవది, పాత అమరికలు మిగిలియున్నవేమో చిట్టాలో చూడవలెను. నాలుగవది, దస్త్రములను చేతితో చెరుపక, వానికి వేరు పేరు పెట్టి ప్రక్కన నుంచవలెను. పూర్తిగా తుడిచివేయవలసినచో ఆ పనిని పనివానిచేతనే, పర్జ్ అను ఆజ్ఞతో చేయింపవలెను. అప్పుడే అతని చిట్టాయు, యంత్రములోని స్థితియు ఒకదానితో నొకటి సరిపోవును. అప్పుడును జాగ్రత్త యవసరము. మైఎస్‌క్యూఎల్ వంటివానిని తుడుచునప్పుడు, "పట్టికలలోని సమాచారమును కూడ తీసివేయుదునా?" అని వేరుగా ప్రశ్న వచ్చును. చదువక మీట నొక్కువానికి అది కడపటి ప్రశ్న కావచ్చును.

ఇంతయు కంప్యూటరు పనివారికి సంబంధించినదని తలంపకుడు. మన పాత అలవాట్లును ఇట్టివే. బడి మారితిమి, తరగతి మారితిమి, ఊరు మారితిమి. కాని మనస్సులో ఎన్నడో వ్రాసికొన్న పంక్తులు మాత్రము అట్లే నిలిచియుండును. అందు కొన్ని మన పెద్దలు ప్రేమతో వ్రాసినవి. కొన్నిటికి నేడు అర్థము లేదు. వానినన్నిటిని ఒక్కసారిగా చెరుపబోవుటయు తప్పే; చదువకయే మోయుటయు తప్పే.

ఆ గ్రంథాలయమున కంప్యూటరు ప్రక్కన ఇప్పుడొక నోటు పుస్తకము దారముతో వ్రేలాడుచున్నది. ఏ పంక్తి ఎప్పుడు మార్చినది, ఏల మార్చినది, ఎవరు మార్చినది అందు వ్రాయుట అక్కడి నియమము. మొదటి పుటలోని వ్రాత నా పూర్వ విద్యార్థిది. తాను చదువక నొక్కిన మీట సంగతిని అతడు అందులో దాచక వ్రాసినాడు.